తాండూరులో పడని రోకలి

1955 జూన్‌లో వచ్చిన సూర్యగ్రహణం సింహళంలో సంపూర్ణమనీ, మనకు పాక్షికమేననీ పత్రికలు రాశాయి. పత్రికలవాళ్లెవరూ తాండూరు వెళ్లలేదు. నేను వెళ్లాను కనుక ఉన్నదున్నట్టు రాస్తున్నాను. అతిశయోక్తి మా వంశంలోనే లేదు.

మా అక్క కూతురు యశోదకు అప్పుడు ఆరో నెల. అత్తవారిల్లు తాండూరు. కడుపుతో ఉన్న పిల్ల గ్రహణం విడిచేదాకా చీకటి గదిలో కదలకుండా పడుకోవాలి, మంచినీళ్లయినా ముట్టకూడదు. ఈ పిల్ల అసలే నీరసం మనిషి.

"నువ్వు పొయ్యి ఆడ కూసో. గ్రహణం ఇడిసిన నిమిషంల దాని నోట్ల ముద్ద వడాలె. దానికేమన్నయితే నిన్నడుగుత" అంది అక్క.

ముందురోజు సాయంత్రం నాలుగున్నరకు వికారాబాదులో పాసింజరు ఎక్కాను. మూడో తరగతి టిక్కెట్టు పది అణాలు. నలభై మంది పట్టే పెట్టెలో నాలుగు వందల మందిమి ఉన్నాం. నా ఎడమకాలు ధారూరు దాకా వేరొకరి ఒళ్లో ప్రయాణం చేసింది. ఆ ఒడి గలాయన పెద్దేముల్ రైతు.

"యాడికి సారూ?"

"తాండూరు. గ్రహణానికి."

"మా పెద్దేముల్ల గూడ గదే సూర్యుడు గద! టికెట్ వెట్టుకోని పోవుడెందుకు?"

 

ఆరుంబావుకు దిగాను. ఇల్లు స్టేషను నుంచి పది నిమిషాల నడక. నేల బండలు, గోడ బండలు, కప్పు బండలు. దిండు ఒక్కటే దూదితో చేసినట్టు గుర్తు, అదీ గట్టిగా చెప్పలేను. యశోద భర్త రాములు బండలు నునుపు చేయించి అమ్ముతాడు. అతని తల్లి నర్సమ్మ నాకు వదినె వరస. చీకటి పడకముందే జొన్నరొట్టె, కందిపప్పు పెట్టింది. నేను ఆరు రొట్టెలు తిన్నాను, ఆమె తొమ్మిదని వాడకట్టంతా చెప్పింది. ఆ తరువాత ఇంట్లో ఎవరికీ మెతుకు లేదు.

అప్పుడు రాములు నన్ను వాకిట్లోకి తీసుకుపోయి ఒక నీలం బండ చూపించాడు. గ్రహణం పట్టగానే రోకలి నిలబెడతారు, విడిస్తే అది తనంతట తానే పడుతుంది, పడ్డాకే పొయ్యి ముట్టిస్తారు. ఇది అందరికీ తెలిసిందే. కానీ కిందటి గ్రహణానికి ఈ ఇంట్లో రోకలి ఎంతకీ నిలవలేదట.

"అందరు నవ్విండ్రు బావా, బండలమ్మే ఇంట్ల రోకలి నిలువలేదని" అంది నర్సమ్మ.

అందుకని రాములు నాలుగు రోజులు కూర్చుని ఆ బండను అరగదీశాడు. రసమట్టం పెట్టి నాలుగు వైపులా వాలు చూశాడు. అది చాలక రోకలి కింది ఇనుప పొన్ను కూడా రాయి మీద రుద్ది చదును చేశాడు. బండ మీద వాలిన ఈగ జారి వీధిలో పడటం కళ్లారా చూశాను.

మర్నాడు పొద్దున ఏడు దాటాక గ్రహణం పట్టింది. బండ మీద నీళ్లు పోస్తే సూర్యుడు అందులో ఒక పక్క కొరికిన రొట్టెలా కనిపించాడు. నర్సమ్మ రోకలి నిలబెట్టింది. ధ్వజస్తంభంలా నిలిచింది. వాడకట్టంతా వచ్చి చూసి, నోళ్లు మూసుకుని వెళ్లింది. రాములు మీసం దువ్వుకున్నాడు.

ఎనిమిదిన్నరకు మబ్బు కమ్మింది. సూర్యుడు మళ్లీ కనిపించలేదు. తొమ్మిదిన్నరకల్లా చుట్టుపక్కల ఇళ్లలో రోకళ్లు దబదబా పడ్డాయి, పోపు వాసనలు మొదలయ్యాయి. మా రోకలి కదల్లేదు.

"వదినె, పంచాంగం ప్రకారం ఎప్పుడో విడిచింది. ఊరందరి రోకళ్లు పడ్డయి."

"ఆళ్ల బండలు వంకర, పడవా మరి? మనది సక్కగ చెప్తది. ఎవరన్న ముడ్తిరో, పుట్టేటోనికి మొర్రి వస్తది!"

పదింటికి రాళ్లు నింపుకున్న గూడ్సుబండి పోయింది. ఇల్లు అదిరింది, చూరు కింద పిల్లి లేచి కూర్చుంది. రోకలి మాత్రం సూదిమొనంత కూడా ఒరగలేదు. రాములు దాని చుట్టూ తిరుగుతున్నాడు. మొహంలో పొద్దుటి గర్వం లేదు.

"నీ పనితనం తగలెయ్య, జర వంకరగ చెయ్యలేకపోయినవా?" అన్నాను.

"నాకేమెరుక మామా? ఇంత మంచిగొస్తదనుకోలే" అన్నాడు, ఏడుపు గొంతుతో.

పదకొండు కావస్తుండగా గదిలోంచి యశోద గొంతు సన్నగా వినిపించింది. "మామా, కండ్లు తిరుగుతున్నయి." నేను లేచాను. రాములు రోకలి వైపు చెయ్యి చాచి, తల్లిని చూసి వెనక్కి తీసుకున్నాడు. గదిలో పిల్ల వాంతి చేసుకుంటున్న చప్పుడు. కడుపులో ఏమీ లేని వాంతి.

నర్సమ్మ ఒక్క ఉదుటున లేచి గది వైపు పరుగెత్తింది. గదికి పోయే దారి కుడి వైపు, రోకలి ఎడమవైపు, నాలుగడుగుల దూరంలో. ఆమె కాలు ఆ నాలుగడుగులూ పోయి మరీ తగిలింది. రోకలి దబ్బున పడి వీధి గడప దాకా దొర్లింది.

"ఇడిసింది!" అని కేకేసింది నర్సమ్మ. "రాములూ, ఏం జూస్తున్నవ్? పొయ్యి ముట్టియ్యి! బావా, నువ్వేమన్న జూసినవా?"

"మబ్బు పట్టింది వదినె. ఏమీ కనిపించలేదు."

స్నానాలు తరువాత చేశాం. ముందు గంజిలో ఉప్పు వేసి యశోదకు అత్తే తాగించింది. తరువాత పెరుగన్నం ముద్దలు చేసి పెట్టింది. నాలుగో ముద్దకు పిల్ల మొహంలోకి రక్తం వచ్చింది. "ఇంకొంచెం ఉప్పెయ్యరాదత్తా" అంది. అప్పుడు నేను కూర్చున్నాను.

మధ్యాహ్నం మూడింటి పాసింజరుకు తిరుగు ప్రయాణం. పెట్టె ఖాళీ, మహా అయితే రెండు వందల మంది. ఎదుటి బల్ల మీద పాన్ నములుతున్న పెద్దమనిషి అడిగాడు.

"ఏం సాబ్, తాండూరుల గ్రహణం పదకొండు దాక ఇడువలేదంట, నిజమేనా?"

"నిజమే. కానీ ఒక్క ఇంట్లోనే."

"గట్లెట్ల? మరి ఎవరు ఇడిపిచ్చిండ్రు?"

"ఆ ఇంటి అత్తగారు" అన్నాను.