ఖాళీ కాగితం

మహబూబ్‌నగర్ దవాఖానలో మేం ఐదుగురు కౌన్సెలర్లం నెలకోసారి కూర్చుని, చిక్కుపడిన కేసుల గురించి మాట్లాడుకునేవాళ్లం. ఆ రోజు నా వంతు.

కోస్గి దగ్గర గొర్లు కాసే ఒకామెకు బస్సంటే భయం. భర్త బండి మీద తీసుకొచ్చేవాడు. భయమేసినప్పుడు వచ్చే ఆలోచనలు రాసుకురమ్మని నేనిచ్చిన కాగితం మూడుసార్లూ ఖాళీగానే తెచ్చింది.

"నాకీ పని చేతకాదేమో" అన్నాను.

మాలో పెద్దావిడ నవ్వారు. "గీ ఆలోచన నువ్వు కాయితం మీద రాసినవా?"

అందరం పగలబడి నవ్వాం.

"ఆమెకు రాసుడు వస్తదా? అడిగినవా?" అన్నారు ఆవిడే మళ్లీ.

అడగలేదు. సిగ్గేసింది.

తర్వాతి వారం నోటితోనే చెప్పమన్నాను. గంటసేపు ఆగకుండా చెప్పింది. ఆపై ఇద్దరం కలిసి బస్సెక్కడం మొదలుపెట్టాం. రెండు నెలలకు ఒక్కతే వచ్చి, "కిటికీ సీటు దొరికింది మేడం!" అంది.