టీ తాగే కప్పు

మా ఎటోబికోలో పక్కింటి చైనా పెద్దాయన టీ తాగాక చివరి గుక్కను కప్పు బయటివైపు పోసి చేత్తో రుద్దేవారు. ఆ కప్పు నిండా సన్నని పగుళ్లు. కొలిమిలోంచి తీసి చల్లార్చేటప్పుడు మట్టికన్నా పైపూత ఎక్కువ కుంచించుకుపోవడంతో ఏర్పడినవి. ఒకప్పుడు లోపమనుకున్నదాన్నే వాళ్ల కుమ్మరులు అందంగా మలిచారట. పగుళ్లలో టీ రంగు ఇంకడానికి ముప్పై ఏళ్లు పట్టిందనేవారు. అందులో నేను చూసినవి నాలుగేళ్లే.

2022లో ఆయన బేస్‌మెంట్‌లో అద్దెకు దిగిన వరంగల్ స్టూడెంట్ ఆ కప్పును బ్లీచ్‌తో తోమేసింది.

"మురికనుకున్న ఆంటీ. రూమ్ ఖాళీ చేయమంటడేమో," అంది నాతో. వెంట వెళ్లాను.

తెల్లబడ్డ కప్పును ఆయన వెలుతురులో తిప్పి చూశారు. టీ పోసి ఆ పిల్ల ముందు పెట్టారు.

"మళ్లీ రంగెక్కేదాకా నేనుండను. ఇకనుంచి దీంట్లో నువ్వు తాగు," అన్నారు.