నొప్పి తగ్గిన పన్ను

ఆ రోజు పొద్దున మా ఆయన చద్దన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలకుండా ఆగిపోయాడు. పిడుగురాళ్ల సున్నం బట్టీలో రాళ్లెత్తే మనిషి, వేలు చితికినా నోరెత్తనివాడు, కుడి దవడ పట్టుకుని "పన్ను ఒకటే పీకుతందే" అన్నాడు. వెనక దంతంలో మిరియం పట్టేంత గుంట పడి ఉంది. ఆయన మాట ఇప్పుడు కొత్తవాళ్లకు అర్థం కాదు, అందుకని ఇదంతా నేను చెబుతున్నాను.

బట్టీ దగ్గర పంటినొప్పికి ఒకటే వైద్యం. కాలిన సున్నపు పలుకును పొగాకు తునకలో చుట్టి గుంటలో కుక్కుతారు. ఆయనతో పనిచేసే సాంబయ్యన్న ఇంటికొచ్చి మరీ చెప్పాడు.

"ఒరేయ్, సున్నం పెట్టు, పురుగు చచ్చుద్ది. పన్ను పీకించావంటే కళ్లు పోతయ్యి."

ఆ సాయంత్రం ఆయన చొంగ కార్చుకుంటూ దొడ్లో పొర్లాడు. చిగురు కాలి తెల్లబడింది. రెండు మూడు రోజులకు మాత్రం నొప్పి పూర్తిగా పోయింది. "చచ్చిందే దరిద్రం" అని నవ్వాడు. నేను సంబరపడి సాంబయ్యన్నకు కోడికూర వండి పెట్టాను. తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

కొన్ని నెలలకు దవడ కింద చిన్న కురుపు లేచింది. పగిలి చీము కారేది, మానేది, మళ్లీ లేచేది. పన్ను నొప్పి లేదు కదా, దానికీ దీనికీ సంబంధం ఉందని ఎవరికి తడుతుంది? మా వీధి ఆర్ఎంపీ వేడి కురుపని చెప్పి ఆయింట్‌మెంట్ ఇచ్చాడు. వంకాయ, గుడ్డు మానిపించమన్నాడు, మానిపించాను. దవడ వాచింది. నోరు తెరుచుకోవడం కష్టమైంది. కింది పెదవి మొద్దుబారి, మెతుకులు జారి పడినా ఆయనకు తెలిసేది కాదు. ఒకరోజు కురుపు తుడుస్తుంటే చీముతో పాటు చిన్న ఎముక ముక్క నా చేతిలోకి వచ్చింది. ఇక ఎవరి మాటా వినలేదు. గుంటూరు బస్సెక్కించాను.

పెద్దాసుపత్రిలో పళ్ల డాక్టరుగారు ఎక్స్‌రేని వెలుగుకు పట్టి చూపించారు. "పైన గట్టిగా ఉండేది ఎనామిల్. దాని కింద డెంటిన్. లోపల మెత్తగా ఉండేది పల్ప్. నొప్పి తెలిపే నరం అందులోనే ఉంటుందమ్మా."

"సున్నం పెడితే పురుగు చచ్చి నొప్పి తగ్గిందండీ" అన్నాను.

"పంట్లో పురుగుండదు. చచ్చింది పల్ప్. నొప్పి తెలిసే దారి పోయింది, లోపల చీము మాత్రం వేరు కిందనుంచి ఎముకలోకి దిగింది. ఇలా ఎముక కుళ్లడాన్ని ఆస్టియోమైలైటిస్ అంటారు."

"ఇప్పుడు పన్ను పీకితే పోదాండీ?"

"అప్పుడైతే పోయేది" అన్నారాయన.

పెన్సిలిన్ ఇంజెక్షన్లు పొడిచారు. పన్ను తీసి, కుళ్లిన ఎముక గీకారు. నయమైందని ఇంటికొచ్చాం. నెల తిరగకుండానే మళ్లీ వాచింది, జ్వరం వచ్చింది. ఈసారి డాక్టరుగారు నన్ను బయటికి పిలిచి, కుడివైపు దవడ ఎముక తీసేయాలి, లేకపోతే మనిషి దక్కడని చెప్పారు. ఆపరేషన్‌కు తీసుకెళ్లే ముందు ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఏమే, మళ్లీ ముద్ద నమలగలనా?"

"నములుతావు లేయ్యా" అన్నాను. అది అబద్ధమని నాకు తెలుసు.

మనిషి దక్కాడు. ముఖం ఒక పక్కకు గుంజుకుపోయింది. జావ, పిసికిన పప్పన్నం, అంతే ఆయన తిండి. నోటి పక్క నుంచి కారుతుందని గోడవైపు తిరిగి తింటాడు. నాకు ఏడుపొస్తుంది, కానీ ఆయన ముందు ఏడవను, ఇటు తిరిగి తినమని అరుస్తాను.

మొన్న మా వీధిలో ఒకాయన, సున్నం పెట్టుకున్నానని, నొప్పి ఇట్టే పోయిందని నవ్వుతూ చెప్పాడు. మా ఆయన ఏదో చెప్పబోయాడు, ఆ మనిషికి అర్థం కాలేదు. అప్పుడు మా ఆయన ముఖానికి చుట్టుకున్న తువ్వాలు తీసేసి ఎదురుగా నిలబడ్డాడు. ఆ మనిషి మర్నాడే గుంటూరు ఆసుపత్రికి వెళ్లాడు.

మీకు నేను చెప్పేది ఇదొక్కటే. డాక్టరుకు చూపించకుండానే పంటినొప్పి పోతే సంబరపడకండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. మేమూ ఆ రోజే వెళ్లి ఉంటే ఒక్క పన్నుతో పోయేది.