దయామణి మేడం ఓడిన పందెం

మధ్యాహ్నం క్యారియర్ మూత తీయగానే సంగటి ఆవిరి నా కళ్లద్దాలను కమ్మేస్తుంది. ఒక్క క్షణం పులివెందుల మొత్తం మాయమైపోతుంది. నేను పనిచేసే అరటికాయల కోల్డ్ స్టోరేజీలో లోపలేమో వణికించే చలి, బయటేమో నిప్పులు చెరిగే ఎండ. ఆ రెండింటికీ మధ్యనున్న వరండాలో కూర్చుని తింటాం. అద్దాలు వెంటనే తుడుచుకోను. ఆ ఆవిరిలో నాకు రాగిపిండితో పాటు జమ్మలమడుగు జూనియర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులోని కిరసనాయిలు స్టవ్ వాసన కూడా వస్తుంది. ఈ మాట చెబితే పక్కవాళ్లు నవ్వుతారు. నవ్వనీ, వాళ్లు దయామణి మేడం దగ్గర చదువుకోలేదు మరి.

మేడంది తొండూరు దగ్గర పల్లె, కాపురం ప్రొద్దుటూరులో. రోజూ బస్సులో జమ్మలమడుగు వచ్చేవారు. ల్యాబులో ఉంచితే పగిలిపోతుందని మంచి థర్మామీటరును సంచిలోనే పెట్టుకుని తిరిగేవారు. ఒకసారి కండక్టరు అది చూసి, ఒళ్లు వెచ్చగా ఉంది, కాస్త ఇవ్వమన్నాడట. "ఇది నీళ్లకు పెట్టేది అప్పా, నీకు కాదు" అన్నారట మేడం. ఆవిడ క్లాసులో ఒక కట్టుబాటు ఉండేది. ఏ ప్రయోగం చేసినా ముందు ఎవరి అంచనా వాళ్లు బోర్డు మీద రాయాలి. "కొలిచినాక అందరూ తెలివైనోళ్లే. కొలవకముందు చెప్పండి చూద్దాం" అనేవారు. అంచనా తప్పినవాళ్లు మర్నాడు తినడానికేదైనా తేవాలి. మేము వేయించిన చెనిక్కాయలతో, అదే వేరుశనక్కాయలతో, సరిపెట్టేవాళ్లం. మేడం మాత్రం తప్పినప్పుడల్లా శనగపప్పు, బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసి తెచ్చేవారు. అందుకని ఆవిడ తప్పాలని క్లాసంతా మొక్కుకునేది.

మాది పెద్దముడియం పక్క పల్లె. అమ్మ కోడి కూతకే లేచి సంగటి కెలికి, ముద్ద చేసి, తడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టేది. కాలేజీలో చేరిన కొత్తలో వరండాలో అందరితో పాటు డబ్బా తెరిచాను. గుంటూరు వైపు నుంచి వచ్చిన కెమిస్ట్రీ సార్ అటుగా పోతూ ఆగి, "ఏంటమ్మా ఇది, గండికోట ఫిరంగి గుండా?" అన్నారు. ఆయన మనసులో చెడు ఏమీ లేదు, సరదా మనిషి. కానీ నిమ్మకాయన్నం డబ్బాలు ముందు పెట్టుకున్న ఆడపిల్లలంతా పగలబడి నవ్వారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నోటిదాకా వచ్చిన జవాబును సార్ అని చూసి మింగాను. ఆ మర్నాటి నుంచి ల్యాబు వెనక గోడ నీడలో ఒక్కదాన్నే తినేదాన్ని. అన్నం పెట్టమని అమ్మను పోరితే, "అన్నం మద్యానానికి సల్లారిపోతాది. సంగటైతే ఉడుకుడుగ్గా ఉంటాది" అని కొట్టిపారేసింది.

ఒకరోజు బీకర్లు ఆరబెట్టడానికి వచ్చిన మేడం నన్ను చూశారు.

"ఏందిమే ఓబులమ్మా, ఈడ కూర్చోని తింటాండావు?"

"ఊరికే మేడం."

ఆవిడ డబ్బాలోకి తొంగిచూసి, ముద్దలో వేలు గుచ్చి, చురుక్కుమనడంతో వెనక్కి తీసుకున్నారు. ఎందుకు దాక్కున్నానో అర్థమైంది కాబోలు, దాని గురించి ఒక్క మాటా అడగలేదు. "పొద్దున చేసింది ఇంకా ఇంత ఉడుకుగా ఉందే! అన్నం కంటే దీంట్లో వేడి ఎక్కువ పడతాదేమో. కొలుద్దామా?" అన్నారు. అప్పుడు ఆవిడ ముఖం చూడాలి, తిరణాలకు బయల్దేరిన చిన్నపిల్ల ముఖం.

మర్నాడు కెమిస్ట్రీ సార్‌ను ల్యాబుకు పిలిచి పందెం కట్టారు. ఒకే బరువున్న సంగటి, అన్నం తీసుకుంటే ఎక్కువ వేడి పట్టేది సంగటే అని మేడం, అన్నమే అని సార్. సార్ ఓడితే వరండాలో అందరి ముందు సంగటి తినాలి. మేడం ఓడితే క్లాసంతటికీ ఓళిగలు. నేను లోపల ఇంకో పందెం కట్టుకున్నాను. సంగటి గెలిస్తే వరండాలోకి పోయి డబ్బా తెరుస్తాను, ఓడితే చదువు అయ్యేదాకా ఆ గోడ నీడే నాకు గతి.

వేడిని కొలిచే మా కెలోరీమీటరు పెద్ద యంత్రమేమీ కాదు. చెక్కపెట్టెలో ఒక రాగి గిన్నె, వేడి బయటికి పోకుండా చుట్టూ ప్రొద్దుటూరులో పరుపులు కుట్టేవాళ్ల దగ్గర తెచ్చిన దూది, కలపడానికి ఒక తీగ. గిన్నెలో తూచిన చన్నీళ్లు పోసి, ఆవిరి మీద కాగిన వస్తువును అందులో వేయాలి. నీళ్లు ఎంత వేడెక్కాయో చూస్తే ఆ వస్తువు ఎంత వేడి మోసుకొచ్చిందో లెక్క తేలుతుంది. మొదటిసారి సంగటిని నేరుగా వేసేశాం. తీగతో నాలుగు తిప్పులు తిప్పేసరికి అది కాస్తా అంబలి అయి కూర్చుంది. "ఎండాకాలం కదండీ, కాస్త ఉప్పు, మజ్జిగ పోయండి" అన్నారు సార్. అందరికంటే గట్టిగా నవ్వింది మేడమే. ఆ తర్వాత సంగటిని చిన్న చిన్న ముక్కలు చేసి పల్చటి కవర్లో కట్టి వేశాం. అన్నాన్నీ అట్లాగే వేశాం. మళ్లీ మళ్లీ కొలిచాం.

రెండూ ఇంచుమించు ఒక్కటే వచ్చాయి.

ఇక ఆ గోడ నీడే నాకు గతి అనుకున్నాను. సార్ పెద్దమనసుతో "పోన్లెండి, సమానం" అన్నారు. మేడం ఒప్పుకోలేదు. "సమానమేంది? నేను ఎక్కువ అన్న్యా, కాలే. నేను ఓడిపోయినా" అంటూ బోర్డు మీద తన అంచనాకు అడ్డంగా గీత కొట్టి, పక్కన ఇంతింత అక్షరాలతో 'తప్పు' అని రాశారు. ఓడిపోయి అంత సంబరపడిన మనిషిని నేను అంతవరకూ చూడలేదు. తర్వాత నా వైపు తిరిగారు.

"అయితే మే, నీ డబ్బాలో ముద్ద నా వేలు ఎట్ల కాల్చింది?"

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "మాయమ్మ ముద్ద చేసి పెడతాది గదా మేడం! మీరేమో ముక్కలు ముక్కలు చేస్తిరి! చిదిపితే ఏదైనా సల్లారిపోతాది. అన్నాన్ని గూడా ముద్ద చేసి చూడండి, అప్పుడు తెలుస్తాది!" అని అరిచేశాను.

మేడం సుద్దముక్క నా చేతికిచ్చి, "రాయి. ఇది నీ అంచనా" అన్నారు. 'ముద్ద చేస్తే అన్నం కూడా సల్లారదు' అని వంకరటింకరగా రాశాను.

మర్నాడు నాలుగు పళ్లేలు పెట్టాం. సంగటి ముద్ద, చిదిపిన సంగటి, విడి అన్నం, గట్టిగా నొక్కి ముద్ద చేసిన అన్నం. కాసేపటికి చిదిపిన సంగటి, విడి అన్నం చల్లబడ్డాయి. ముద్దలు రెండూ నడుమ నిప్పులా ఉన్నాయి. నా అంచనాకు కింద మేడం గీత గీసి, నా వీపు మీద ఒక్కటి చరిచారు. ఆ దెబ్బ నాకు ఇప్పటికీ హాయిగా ఉంటుంది.

మధ్యాహ్నం వరండాలో మేడం తెచ్చిన ఓళిగలు పంచుతుంటే సార్ చేతులు కడుక్కుని వచ్చి, "నేను ఓడలేదనుకోండి, అయినా ఆ ఫిరంగి గుండు రుచి చూడాలి" అన్నారు. నా డబ్బా తెరిచి, ఉన్న రెండు ముద్దల్లో ఒకటి నేను తీసుకుని, ఇంకోటి ఆయనకు తీశాను. ముద్ద నడుమ గుంట చేసి పులుసు పోసి ఇచ్చాను. ఆయన ఆత్రంగా నడుమ వేలు పెట్టి కెవ్వుమన్నారు. "అంచు నుంచి తినాల సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది, ఈసారి నేనూ నవ్వాను. డబ్బా కడుగుతున్నప్పుడు గానీ గుర్తుకు రాలేదు, నేను తిన్నది వరండాలో, అందరి మధ్య కూర్చునని.

ఇప్పుడు మా కోల్డ్ స్టోరేజీ తలుపు పక్కన కూడా ఒక బోర్డు ఉంది. దాన్ని పెట్టించింది నేనే. అరటిపెట్టెల దొంతరలో ఏ వరుస ఆఖరున చల్లబడుతుందని మొన్న మాట వచ్చింది. వేడిగాలి పైకే పోతుంది కాబట్టి పైవరుసే అని ధీమాగా రాశాను. ఈరోజు కొలిస్తే, నడుమ ఇరుక్కున్న పెట్టెలు ఆఖరున చల్లబడ్డాయి. కుర్రాళ్లంతా చూస్తుండగా గీత కొట్టి 'తప్పు' అని పెద్దగా రాసి, ప్రొద్దుటూరుకు ఫోన్ చేశాను. మేడం రిటైరయ్యారు గానీ గొంతు మాత్రం ఇంకా క్లాసు నడుపుతున్నట్టే ఉంటుంది.

విషయం విని పడీపడీ నవ్వారు. "నడుమ ఉడుకు ఉంటాదని నాకు నేర్పిందానివి, ముద్దను మరిచిపోతివా మే! శానా బాగుంది. ఓళిగలు ఎప్పుడు?"

"రేపే మేడం."

"అయితే నాకు రెండు ఎత్తిపెట్టు. రేపు పొద్దున బస్సుకే వచ్చాండా."

ఇంటికి పోతూ శనగపప్పు, బెల్లం కొన్నాను. ఏందక్కా పండగా అని అంగడాయన అడిగితే, అవునన్నాను.