మాసీమా ఏ భాషలో అరిచింది?

దెయ్యాలున్నాయని ఎవరైనా అంటే నాకు భయం వేయదు, ఒళ్ళు మండుతుంది. నర్సింగ్ చదివే రోజుల్లో మార్చురీ పక్క గదిలో కూర్చుని పులిహోర తిన్నదాన్ని నేను. కాబట్టి ఇది దెయ్యం కథ అనుకుని చదవకండి. జరిగింది జరిగినట్టు చెబుతాను, అర్థం మీకేమైనా తడితే సంతోషం.

మా ఆయనకి బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లోని ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. ఐదేళ్ళ మా పాప హాసినిని తీసుకుని శ్రీకాకుళం నుంచి వచ్చి, తాల్‌బగీచాలో రెండు గదుల వాటాలో దిగాం. రైలెక్కితే ఒక్క రాత్రి ప్రయాణమే గానీ, నాకు మాత్రం పరదేశంలో దిగినట్టే ఉంది. బోర్డులు చదవలేను. మాట అర్థం కాదు. బియ్యం కొట్లో నేను "చాలు, చాలు" అంటుంటే కొట్టతను ఇంకా ఇంకా పోస్తాడు. వీళ్ళ భాషలో చాల్ అంటే బియ్యమట! ఆ పూట సంచి మోయలేక చచ్చాను.

అన్నిటికన్నా నన్ను ఏడిపించిన మాట "దాడా". ఆగు అని దాని అర్థం. ఆ డ వీళ్ళ నోట్లో సగం ర అయిపోతుంది. నా చెవికి "దా, రా" అని పిలిచినట్టే ఉండేది. ఇంటి ఓనరు డెబ్బై ఏళ్ళ బెంగాలీ ఆవిడ, అందరూ మాసీమా, అంటే పిన్నిగారు, అని పిలుస్తారు. ఆవిడ వరండా కడుగుతూ "దాడావ్, దాడావ్" అని అరుస్తుంటే, ఎంత ఆప్యాయంగా పిలుస్తోందో అనుకుని చెప్పులతోనే తడి గచ్చు మీదకి నడిచాను. పాపం, నెత్తి కొట్టుకుంది.

హాసినిదీ అదే పొరపాటు. అది పెరట్లో ఆడుకుంటుంటే మాసీమా "దాడా" అనేది. ఉండవే, మిఠాయి తెస్తాను అని ఆవిడ ఉద్దేశం. ఆ మాట చెవిన పడటం ఆలస్యం, ఇది పరుగెత్తుకెళ్ళి ఆవిడ మీద పడేది.

మేం వచ్చిన మూడో వారం. పొద్దున్న పది దాటింది, గాలివాన అప్పుడే వెలిసింది. నేను వంటింట్లో ఉండి, దండెం మీద గౌను తెచ్చుకోమని హాసినిని పంపాను. నేనే పంపాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. పెరట్లో మాది ఇనప తీగ దండెం. గాలికి స్తంభం దగ్గర కరెంటు తీగ తెగి దాని మీద పడింది. నేను చూడలేదు. దండేనికి అవతల, వరండాలో కూర్చున్న మాసీమా ఒక్కతే చూసింది.

అరుపు వినపడింది. జర్దా నమిలి నమిలి బొంగురుపోయిన మాసీమా గొంతు. పొరపడటానికి లేదు.

"ఒలే బొట్టీ, ఆగవే! తీగ ముట్టుకోకు!"

అచ్చం మా శ్రీకాకుళం మాట. పరుగెత్తుకొచ్చేసరికి హాసిని చెయ్యెత్తి, గౌనుకి జానెడు దూరంలో బిగుసుకుపోయి నిలబడి ఉంది. వెనక్కి లాగి గుండెకి అదుముకున్నాను. లైన్‌మ్యాన్ వచ్చి కరెంటు తీసేశాడు. దండెం వైపు ఓసారి, పాప వైపు ఓసారి చూసి, పైకి దణ్ణం పెట్టాడు.

నేను ఏడుస్తూ మాసీమా చేతులు పట్టుకున్నాను. ఇంత తెలుగు పెట్టుకుని ఇన్నాళ్ళూ నన్నెందుకు ఏడిపించారండీ అన్నాను. ఆవిడ తెల్లమొహం వేసింది. ఈలోగా పక్కింటి పైడమ్మత్త వచ్చింది. వాళ్ళాయన రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. ఆవిడకి తెలుగూ బెంగాలీ రెండూ వచ్చు.

"ఆవిడికి తెలుగేటమ్మా! ముప్పై ఏళ్ళ బట్టి సూస్తన్నాను, ఒక్క ముక్క రాదు. దాడా, దాడా అని అరిసింది. గోడకాడ నానూ ఇన్నాను కదా!"

పైడమ్మత్త చేత మాసీమాని అడిగిస్తే ఆవిడా అదే చెప్పింది. దాడా తప్ప ఇంకేమీ అనలేదట.

నిజంగా ఆ మాటే వినపడి ఉంటే హాసిని ఏం చేసేదో నాకు తెలుసు. పిలుస్తోందనుకుని, దండెం మీది తడి బట్టల్ని తోసుకుంటూ ఆవిడ దగ్గరికి పరుగెత్తేది.

సాయంత్రం పాప నిద్రపోతుండగా మా ఆయనకి అంతా చెప్పాను. కంగారులో నీ చెవికి నీ భాష వినపడి ఉంటుందిలే అన్నాడు. నేనూ సరేలే అనుకున్నాను. ఇంకెవరైనా వచ్చి నాతో చెబితే నేనూ అదే అనేదాన్ని.

అది లేచాక అన్నం తినిపిస్తుంటే నన్ను అడిగింది. "అమ్మా, బొట్టి అంటే ఏంటి?"

మా వైపు ఆడపిల్లని అలా పిలుస్తారు. కానీ దానికి ఆ మాట తెలీదు. స్కూల్లో వెక్కిరిస్తారని, పుట్టినప్పటి నుంచీ దాని ముందు మేం మా యాస రానివ్వలేదు. మా అమ్మ నోరు కూడా నేనే మూయించాను. ఆ పూట నేనేం విన్నానో కూడా దాని ముందు ఎత్తలేదు.

"ఎవరన్నారే?"

"మాసీమా. తీగ ముట్టుకోకు అని అరిచింది కదా!"

రెండేళ్ళయింది. పైడమ్మత్త అబద్ధం చెప్పే మనిషి కాదు. మాసీమాకి ఇప్పటికీ తెలుగు రాదు. మేమిద్దరం విన్నది మాత్రం విన్నాం. పిల్ల దక్కింది, ఆ సంతోషంలో అదెలా జరిగిందో వెతకడం కూడా మానేశాను.

ఇప్పుడు ఇంట్లో యాస దాచడం లేదు. రోడ్డు మీద హాసిని ముందు ముందుకి ఉరుకుతుంటే, నలుగురిలోనూ "ఒలే బొట్టీ" అని కేకేస్తాను. ఎంత పరుగులో ఉన్నా టక్కున ఆగి, వెనక్కి తిరిగి చూస్తుంది.