లోపల ఏమీ పెట్టని ముద్ద కోసం టౌరంగా దాకా

ఈ బ్లాగు నా కోడలు సుజాతది. ఎక్కడికి వెళ్లొచ్చినా దారి, ఖర్చు, తిండి అన్నీ రాసి పెడుతుంది. టౌరంగా వెళ్లొచ్చి ఇన్నాళ్లయినా ఒక్క ముక్క రాయలేదు. ఎందుకని అడిగితే, "నువ్వు అక్కడ చేసిన పని రాయమంటావా అత్తా?" అంది. రాయమన్నాను. నాకు చదువు రాదు గానీ నోరు వచ్చు. నేను చెప్తున్నాను, ఆమె రాస్తోంది. మధ్యలో నా మాటలు మెత్తబరచకూడదని ఒట్టు కూడా వేయించుకున్నాను.

మేం వెళ్లింది సంబంధం చూడటానికి. సుజాత కూతురు హరిత, నా మనవరాలు, టౌరంగాలో నర్సు; మేముండేది ఆక్లాండ్‌లో. కెంటా అనే జపాన్ వాళ్ల అబ్బాయిని చేసుకుంటానంది, అదీ అవ్వ సరే అంటేనే అంది. జపాన్ వాళ్లని నాకేం బాధ లేదు. నా బాధంతా హరిత గురించే. చిన్నప్పటి నుంచి ఆ పిల్ల పళ్లెంలో ఏది వేస్తే అది తింటుంది. ఇంకొంచెం కావాలని అడగదు, వద్దనీ చెప్పదు. అలాంటి పిల్ల, ఆచితూచి మాట్లాడే మనుషుల ఇంట్లో పడితే ఎవరిని ఏం అడగగలదు? వెళ్లే రోజు దగ్గరపడేకొద్దీ నాకు కాలు ఒకచోట నిలవలేదు. పెరట్లోకి, వంటింట్లోకి తిరిగీ తిరిగీ ఆఖరికి చెనక్కాయలు వేయించి ఊరిబిండి పచ్చడి నూరి డబ్బాకెత్తుకున్నాను.

శనివారం పొద్దున్నే బయల్దేరాం. ఆక్లాండ్ సిటీ సెంటర్‌లో జపాన్ వాళ్ల చిన్న కొట్టు ఒకటి ఏడింటికే తెరుస్తారు. దారిలో తినడానికని సుజాత అక్కడ ఒనిగిరి కొన్నది. ఒనిగిరి అంటే అన్నం ముద్దే, కాకపోతే మూడు మూలలుగా ఒత్తి, నల్లటి సముద్రపు ఆకు చుట్టి ఇస్తారు. ఒక్కోటి నాలుగైదు డాలర్లు. కొట్టావిడను లోపల ఏముందని అడిగించాను. ఆమె ఓపికగా చెప్పింది. ఉత్తరాన చలి ప్రాంతంలో సాల్మన్ చేప పెడతారట. దక్షిణాన ఫుకువోకా వైపు కారం పట్టించిన చేప గుడ్లు, వకయామాలో ఉప్పులో ఊరేసిన పుల్లటి ప్లమ్ కాయ, నగోయాలో తోక బయటికి కనిపించేలా వేయించిన రొయ్య.

"మరి ఈ కోడికూర, అవకాడో ఏ ఊరివి?" అన్నాను.

"అవి ఈ ఊరివే," అని నవ్విందామె.

నాకు ప్రాణం కొంచెం కుదుటపడింది. మా అనంతపురం వైపు రాగిసంగటి ముద్ద నడిమధ్యన గుంత చేసి నెయ్యి పోస్తాం, పక్కన ఊరిబిండి పెడతాం. ఆ గుంతలో ఏం పడిందో చూస్తే చాలు, ఆ ఇల్లు మనల్ని ఎట్లా చూస్తోందో తెలిసిపోతుంది. వీళ్లకూ ముద్ద లోపల ఒక ఊరుందన్నమాట, పోయి చూద్దాం అనుకున్నాను.

బాంబే హిల్స్ దాటాక రెండో నంబరు హైవే పట్టుకున్నాం. పైరోవా దగ్గర టాయిలెట్లు శుభ్రంగా ఉంటాయి, అక్కడ ఆగండి. తర్వాత కరంగాహకే లోయలో రోడ్డంతా వంపులే, కడుపులో తిప్పేవాళ్లు ముందు సీట్లో కూర్చోవాలి. నేను కూర్చోలేదు, నా కొడుకు రమేశ్ కూర్చోనివ్వలేదు. పక్కన కూర్చుంటే ఇంకెంత దూరమని నిమిషానికోసారి అడుగుతానట. కటికటి దాటితే రెండు పక్కలా ఎత్తైన చెట్ల కంచెలు, వాటి వెనక కివీ తోటలు.

"అమ్మా, అక్కడ నోరు కొంచెం అదుపులో పెట్టుకో," అన్నాడు రమేశ్.

"నోరు అదుపులో పెట్టుకునే పిల్ల ఇంట్లో ఒకతి ఉంది గదరా, చాలదా?" అన్నాను.

పదిన్నరకు చేరాం. హరిత కెంటా వాళ్ల ఇంటి గేటు దగ్గరే నిలబడి ఉంది. కెంటా, వాళ్లమ్మ యోషికో, నాన్న ముగ్గురూ వంగి దండం పెట్టారు. చెప్పులు బయటే విడిపించారు, అది నాకు నచ్చింది. బల్ల మీద పెద్ద పళ్లెం నిండా తెల్లటి ముద్దలు, పక్కన ముల్లంగి ఊరగాయ, వేడి చారు. యోషికో రెండు చేతులతో పళ్లెం నా ముందుకు జరిపింది.

ఒకటి తీసుకుని విరిచాను. లోపల ఏమీ లేదు. పొరపాటున వచ్చిందేమో అని ఇంకోటి విరిచాను. అందులోనూ లేదు. మూడోది కూడా విరిచాను. రమేశ్ నేల చూస్తున్నాడు. సుజాత నా మోకాలు గిల్లింది.

"హరితా, లోపల ఏమీ పెట్టలేదేమని అడుగు."

"అవ్వా, ప్లీజ్. ఇట్స్ ఓకే. బాగుంది కదా, తిను."

"పిల్లనడిగేవాళ్లు ఉత్త ముద్ద పెట్టినారేమని అడుగుమే. నువ్వడక్కపోతే నేనడుగుతా."

అడిగాను. విరిచిన ముద్దను యోషికో ముందుకు చాపి, దాని నడుమ వేలు పెట్టి చూపించాను. ఆమె ముఖం ఎర్రబడింది. అంతలో కెంటా నాన్న తొడ చరిచి పెద్దగా నవ్వాడు.

"పెళ్లయినప్పటి నుంచీ నేనూ అదే అడుగుతున్నానండీ! మాది నగోయా. మా ఊళ్లో రొయ్య లేకుండా ముద్ద చేయరు," అన్నాడు. కెంటా ఇంగ్లీషులో చెప్తే సుజాత నాకు తెలుగులో చెప్పింది.

యోషికో లేచి వంటింట్లోకి పోయింది. ఏడవడానికి పోయిందేమో అనుకున్నాను. ఒక కాగితపు సంచి ఎత్తుకొచ్చి నా ఒళ్లో పెట్టింది. బియ్యం. ఆమె పుట్టిల్లు నీగాతా, జపాన్‌లో వరి పండే సీమట. అన్న సొంత పొలంలో పండించిన కొత్త బియ్యం ఈ రోజు కోసమని అడిగి తెప్పించుకుంది.

"మామూలు రోజుల్లో నేనూ ప్లమ్ పెడతాను. మంచి బియ్యం వచ్చిన రోజు మాత్రం ఉప్పు చేత్తో ఒత్తుతాం, అంతే. లోపల ఏదైనా పెడితే, బియ్యం బాగాలేక దాచారని అనుకుంటారు," అంది.

సంచిలో చెయ్యి పెట్టి ఆ గింజలు చూశాను. నా చిన్నప్పుడు మా ఇంట్లో కొర్రలు, జొన్నలు, రాగులే. వరన్నం పండక్కే. ఆ రోజు కూడా మా అమ్మ మొదటి ముద్ద ఉత్తదే తినమనేది, పప్పు కలపనిచ్చేది కాదు. అన్నమంటే ఏందో నాలుకకు తెలియాల అనేది. విరిచిన మూడు ముద్దలూ నేనే తిన్నాను. మెత్తగా, కొంచెం తియ్యగా, అంచున ఉప్పగా ఉన్నాయి.

కెంటా నాన్నకు నా సంచిలోని ఊరిబిండి వాసన తగిలింది. డబ్బా కోసం చెయ్యి చాపాడు. "ఈ పొద్దు ఉత్తన్నమే, ఇది రేపు తిను నాయనా," అని మూత బిగించాను. యోషికో నా వైపు చూసి నవ్వింది.

అప్పుడు జరిగింది ఇది. ఇంతసేపూ ఉత్త ముద్దను కొరక్కుండా చేతిలో పట్టుకుని కూర్చున్న హరిత మెల్లగా నోరు తెరిచింది.

"ఆంటీ, నాకు ఉత్తది అంతగా నచ్చదు. ప్లమ్ ఉంటే ఇస్తారా?"

కెంటా కూడా ఆశ్చర్యంగా చూశాడు. యోషికో ఒక్క క్షణం ఆగి పకపకా నవ్వింది. లోపలికి పోయి జాడీ తెచ్చి, హరిత చేతిలోని ముద్దలో తానే వేలితో గుంత చేసి, ఎర్రటి కాయ పెట్టి మళ్లీ ఒత్తి ఇచ్చింది. "ముందే చెప్పొచ్చుగా! ఇన్నాళ్లూ మా ఇంట్లో ఇంకేమేం ఇష్టం లేకుండా తిన్నావు?" అని మందలించింది కూడా. నేను అప్పుడే రమేశ్‌తో సరే అన్నాను.

తిరుగు దారంతా రమేశ్, పరువు తీశావమ్మా అంటూనే ఉన్నాడు. ఇంకా అంటున్నాడు, అందుకే ఇది రాయిస్తున్నా. నేను ఊరికే తిని, బాగుందని చెప్పి వచ్చుంటే, ఆమె నాకు ఇంట్లో ఉన్న అన్నిటికంటే గొప్పది పెట్టిందని ఎన్నటికీ తెలిసేది కాదు. అవమానించారని మనసులో పెట్టుకుని ఈ సంబంధం చెడగొట్టేదాన్ని. అంతకంటే ముఖ్యం, అడిగితే ముఖం ఎర్రబడుతుంది గానీ తలుపు మూసుకోదు ఆ ఇల్లు అని హరితకు తెలిసేది కాదు. నా భయం పూర్తిగా పోలేదు. ఆ పిల్ల రేపూ అడుగుతుందా, ఎల్లుండీ అడుగుతుందా అని ఇప్పటికీ ఫోన్ చేసి, ఏం తిన్నావని కాదు, ఏం అడిగి తిన్నావని అడుగుతున్నాను.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. దారిలో తినడానికి ఒనిగిరి కొంటే ఫ్రిజ్‌లో గానీ ఐస్ పెట్టెలో గానీ పెట్టకండి, అన్నం రాయవుతుంది. పొద్దున కొన్నది పైరోవాలోనే తినేయండి. చేపా కోడీ తినని వాళ్లు కొనేటప్పుడే లోపల ఏముందో నోరు తెరిచి అడగండి.