మస్తాన్‌బీ పుట్టింటి గుట్ట బల్లి

రెండు వేల ఇరవై రెండు, ఉరవకొండ దగ్గరి రాతి గుట్టలు. వేరుశెనగ చేలు వాన కోసం ఎదురుచూస్తున్న ఆగస్టు. ఈ గుట్టల మీద ఉండే చిన్న బల్లుల మీద పరిశోధన నా పని. వేలెడంత కూడా ఉండవు. పగలే తిరుగుతాయి, కానీ బండల నీడ దాటి రావు. గుట్టకూ గుట్టకూ మధ్య ఉన్న ఎండు చేలను దాటడం వాటివల్ల కాదు. అందుకే పక్కపక్క గుట్టలవి కూడా తరతరాలుగా కలవక వేరైపోయి ఉండొచ్చు. పైకి ఒకేలా కనిపిస్తాయి. డీఎన్‌ఏ పోల్చితే తేడా బయటపడుతుంది. మగవాటి తొడల అడుగున ఫీమోరల్ పోర్స్ అనే సన్నటి రంధ్రాలుంటాయి, వాటి వరుస కూడా చూస్తాం.

అక్కడ మేకలు మేపుకునే మస్తాన్‌బీ ఒక ఉదయం నా దగ్గరికి వచ్చింది.

"ఏం ఎదుకుతాండావు మేడమ్?"

అరచేతిలోని బల్లిని చూపించాను. చాలాసేపు చూసింది.

"మా పుట్టింటి కాడ గుట్టలో ఇట్లాటివే ఉండ్యా. చిన్నప్పుడు గుండ్ల సందున కూసోని వీటినే చూస్తాంటి. ఇప్పుడా గుట్ట లేదు. క్వారీవోళ్లు కోసుకపోయినారు. గుంత ఉండాది, అంతే."

పుట్టిల్లు ఎక్కడని అడిగితే చెప్పింది. యాడికి అనే ఊరి వైపున్న ఆ గుట్ట పేరు నాకు తెలుసు. క్వారీ రాకముందు మా గురువుగారు అక్కడ పట్టిన మగ బల్లి ఒకటి మా ల్యాబులో స్పిరిట్ సీసాలో ఉంది. ఆ మాట చెప్పాను.

"అవీ ఇవీ ఒకటేనా?"

"చూసి చెప్తానక్కా."

"ఒకటే అయితే బాగుండు. మావి ఈడన్నా బతికుండాయనుకుంటా."

కొత్త జాతి దొరికితే మా వృత్తిలో పండగ. ఆసారి మాత్రం తేడా కనబడకూడదని కోరుకుంటూ మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. రంధ్రాల వరుస కలవలేదు. డీఎన్‌ఏలో కూడా వేరే జాతి అనేంత తేడా ఉంది. క్వారీ గుంత చుట్టూ మిగిలిన బండలన్నీ వెతికాను. ఒక్కటీ కనిపించలేదు.

ఏదో పని మీద అనంతపురం వచ్చినప్పుడు మస్తాన్‌బీ ల్యాబుకు వచ్చింది.

"దగ్గరి చుట్టాలే అక్కా. కానీ ఒకటి కాదు."

"అయితే మావి యాడా లేవా?"

"నేను వెతికినంతలో లేవు."

చూపించమంది. సీసా చేతికిచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుగులో పట్టుకుంది.

"ఇంత తెల్లగా ఉండేటివి కావే."

స్పిరిట్‌లో రంగు పోతుందని చెప్పాను. బతికున్నప్పుడు ఏ రంగులో ఉండేవని అడిగాను. గొంతు కింద పసుపు అంది. కాదు, ఎరుపంది. కళ్లు మూసుకుని ఆలోచించింది.

"దినామూ చూసినవే మేడమ్. గ్యాపకం రాలే."

సీసాను వెంటనే తిరిగి ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

అంతకుముందు వైవిధ్యం అనే మాట నా చెవికి సంపదలా వినిపించేది. ఇన్ని గుట్టలు, ఇన్ని రకాలు అని పాఠాల్లో గొప్పగా చెప్పేదాన్ని. ప్రతి గుట్టదీ వేరే బల్లి అయినప్పుడు, ఒక గుట్ట పోతే దాని బదులు ఇవ్వడానికి పక్క గుట్ట దగ్గర ఏమీ ఉండదని ఆ కిటికీ దగ్గర నిలబడిన మనిషిని చూశాకే అర్థమైంది.